సర్వర్‌కి చేరిందే టైమా?

మన హైటెక్ సిటీలో ఒక విచిత్రమైన సిద్ధాంతం చలామణీలో ఉంది. డేటా కనెక్షన్ పోతే కాలం కూడా ఆగిపోతుందట! క్యాబ్ బేస్‌మెంట్ పార్కింగ్‌లోకి దిగింది, సిగ్నల్ పోయింది. నలభై నిమిషాలకి పైకొచ్చింది, పరికరం దాచిపెట్టుకున్న రికార్డులన్నీ ఒక్కసారిగా సర్వర్ నెత్తిన పడ్డాయి. అప్పుడు సర్వర్ గారు ఏం చేస్తారు? అన్నిటి మీదా తనకి చేరిన టైమే ముద్ర కొట్టేస్తారు. ఉత్తరం మీద తారీఖు ఉన్నా సరే, పోస్ట్‌మ్యాన్ తెచ్చిన రోజే రాశారని వాదించడం లాంటిదన్నమాట.

దీన్ని చిన్న బగ్ అని కొట్టిపారేసేవాళ్ళు ఒక్కసారి క్యాబ్ డ్రైవర్లతో మాట్లాడండి. నేను ఎక్కే షిఫ్ట్ క్యాబ్ డ్రైవరన్న (కంపెనీ పేరు, ట్రావెల్స్ పేరు అడక్కండి) ఒకరోజు రాయదుర్గం దగ్గర ట్రాఫిక్‌లో ఆగినప్పుడు తన ఫోన్ చూపించాడు. ఆలస్యంగా వచ్చినందుకు కోత! "సార్, నేను ఏడింటికే ఆడ నిలబెట్టిన. గేటు కాడ సెక్యూరిటాయన బుక్కుల రాసుకున్నడు గూడ" అన్నాడు. బుక్కులో 7:02 అని ఉందట. యాప్‌లో 7:41. సూపర్‌వైజర్ యాప్‌నే నమ్మాడు. ఎందుకంటే అది కంప్యూటర్ కదా మరి! బాల్‌పెన్నుతో రాసిన రిజిస్టర్‌కున్న నిజాయితీ మన క్లౌడ్‌కి లేదంటే ఈ కారిడార్‌లో ఉన్న ఇంతమంది ఇంజినీర్లం ఏం చేస్తున్నట్టు?

ఈ మాట ఎత్తగానే ఎవరో ఒకరు "ఎన్టీపీ పెట్టేస్తే సరిపోతుందిగా" అంటారు. అయ్యా, ఎన్టీపీ నడవాలంటే నెట్‌వర్క్ కావాలి. ఇక్కడ పోయిందే నెట్‌వర్క్! 2022 ఏప్రిల్‌లో సెర్ట్-ఇన్ వాళ్ళు సర్వర్లన్నీ ఎన్ఐసీ, ఎన్‌పీఎల్ టైమ్‌తో కలిపి ఉంచాలని ఆదేశాలిచ్చారు, మంచిదే. ఏసీ గదిలో సర్వర్ టైమ్ ఎప్పుడూ బాగానే ఉంటుంది. బాధంతా ఎండలో తిరిగే బండిది.

సరే, బండి గడియారం నిజంగా అంత పనికిమాలినదా? లెక్క వేద్దాం. ప్రతి ట్రాకర్‌లోనూ రియల్ టైమ్ క్లాక్ అని ఒకటుంటుంది, దాన్నే ఆర్టీసీ అంటారు (బస్సుల ఆర్టీసీ కాదండోయ్, అది ఆలస్యంగా వచ్చినా ఎవరూ ఆశ్చర్యపోరు). అందులో 32,768 హెర్ట్జ్ క్వార్ట్‌జ్ స్ఫటికం ఉంటుంది. 25 డిగ్రీల దగ్గర బుద్ధిగా నడుస్తుంది. అక్కడినుంచి వేడి పెరిగినా తగ్గినా నెమ్మదిస్తుంది, అదీ తేడాకి వర్గం చొప్పున, డిగ్రీ వర్గానికి పది లక్షల్లో 0.034 వంతు. మే నెలలో గచ్చిబౌలి రోడ్డు మీద ఎండలో నిలబెట్టిన బండి డాష్‌బోర్డు 65 డిగ్రీలకి చేరిందనుకుందాం. తేడా 40 డిగ్రీలు, దాని వర్గం 1600, అంటే పది లక్షల్లో దాదాపు 54 వంతులు. రోజుకి 4.7 సెకన్లు వెనకబడుతుంది. రోజంతా అలా మాడినా అంతే! మరి నలభై నిమిషాలకో? 0.13 సెకను.

మళ్ళీ చదవండి. చవక స్ఫటికం, ఎండలో మాడిపోతూ, జీపీఎస్ లేక, డేటా లేక, తనంతట తాను నడిచి చేసే తప్పు సెకనులో ఎనిమిదో వంతు. లక్షల జీతాలు తీసుకుంటూ మనం రాసిన కోడ్ చేసే తప్పు నలభై నిమిషాలు. ఎవర్ని నమ్మొద్దో మీరే చెప్పండి.

ఇంకో వాదన ఉంది, ఇది కాస్త గట్టిది. "డ్రైవర్లు ఫోన్‌లో టైమ్ మార్చేస్తారు, అందుకే సర్వర్ టైమే వాడతాం" అంటారు. మార్చేవాళ్ళు ఉంటారు, కాదనను. కానీ ఆండ్రాయిడ్ ఫోన్‌లో, ఆన్ చేసినప్పటినుంచి ఎన్ని మిల్లీసెకన్లు గడిచాయో లెక్కపెట్టే కౌంటర్ వేరే ఉంది. సెట్టింగ్స్‌లో టైమ్ ఎంత తిప్పినా అది కదలదు. ప్రతి రికార్డులోనూ ఆ కౌంటర్, దాంతోపాటు ఒక వరస నంబరు రాయండి. సిగ్నల్ తిరిగి రాగానే సర్వర్ టైమ్‌కీ కౌంటర్‌కీ తేడా తెలుస్తుంది, దాన్నిబట్టి వెనకటి రికార్డులన్నిటికీ అసలు టైమ్ కట్టేయొచ్చు. మధ్యలో ఫోన్ రీస్టార్ట్ అయితే కౌంటర్ సున్నాకి వస్తుంది, అదీ తెలిసిపోతుంది. అప్పుడు "ఈ టైమ్ అనుమానం" అని రాసి మనిషిని చూడమనండి. దొంగ ఒకడున్నాడని ఊరందరి జీతం కోస్తామా?

తమాషా ఏంటంటే ఈ విషయంలో గవర్నమెంటు మనకంటే నయం. ఏఐఎస్ 140 అని వాహనాల ట్రాకింగ్‌కి ఒక ప్రమాణం ఉంది. రూలు ప్రకారం 2019 జనవరి 1 నుంచి రిజిస్టరయ్యే కొత్త పబ్లిక్ సర్వీస్ వాహనాలకి (ఆటోలు తప్ప) ఆ పరికరం, ఎమర్జెన్సీ బటన్ ఉండాలి. నెట్‌వర్క్ లేనప్పుడు కనీసం 40,000 రికార్డులు దాచుకోవాలని అందులో ఉంది. నెట్‌వర్క్ వచ్చాక ముందు తాజా రికార్డు పంపాలి, పాతవి తర్వాత. ఏది తాజాదో ఏది పాతదో ప్యాకెట్‌లోనే అక్షరంతో చెప్పాలి, జీపీఎస్ టైమ్ యూటీసీలో రాయాలి. అన్నీ ఉన్నాయి! వాటిని అందుకునే అప్లికేషన్ రాసే మనవాడు ఆ రెండు ఫీల్డ్‌లనీ పక్కన పడేసి, డేటాబేస్‌లో డిఫాల్ట్ టైమ్‌స్టాంప్ కాలమ్ పెట్టుకుని చేతులు దులుపుకుంటే స్పెక్ ఏం చేస్తుంది?

జీపీఎస్ టైమ్ దేవుడిచ్చిన టైమ్ అని గుడ్డిగా నమ్మమనడం లేదు. జీపీఎస్ గడియారం 2017 జనవరి 1 నుంచి యూటీసీ కంటే 18 సెకన్లు ముందుంది. ఆ తేడా ఎంతో ఉపగ్రహం 12.5 నిమిషాలకోసారి మాత్రమే చెబుతుంది. ఈలోగా రిసీవర్ తన పాత ఫర్మ్‌వేర్‌లో ఉన్న సంఖ్యతోనే సరిపెట్టుకోవచ్చు. పైగా వారాల లెక్క 1024కి చేరగానే సున్నాకొస్తుంది, చివరిసారి 2019 ఏప్రిల్‌లో జరిగింది. 2022 జనవరి 1న హోండా పాత కార్లలో గడియారాలు 2002కి వెళ్ళి కూర్చున్నాయి. అందుకే టైమ్‌తో పాటు అది ఎక్కడినుంచి వచ్చింది, జీపీఎస్సా, నెట్‌వర్కా, ఆర్టీసీయా అన్నది కూడా రాయమంటున్నాను. ఒక్క బైటు ఖర్చు. అదీ ఎక్కువేనా?

కోతల సంగతి అటుంచండి. 2013 అక్టోబరులో ఇదే హైటెక్ సిటీలో ఒక ఐటీ అమ్మాయిని క్యాబ్‌లో ఎత్తుకెళ్ళిన కేసు ఎవరూ మర్చిపోయి ఉండరు. రేపు ఇంకో అమ్మాయి రాత్రి 11:52కి సిగ్నల్ లేనిచోట ఎమర్జెన్సీ బటన్ నొక్కిందనుకోండి. ఆ ప్యాకెట్ 12:20కి చేరింది. కంట్రోల్ రూమ్ స్క్రీన్ మీద 12:20 అని పడితే, బండి ఇప్పుడు అక్కడే ఉందనుకుని పోలీసులు అరగంట పాత చోటికి పరిగెడతారు. తర్వాత కోర్టులో? 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద ఎలక్ట్రానిక్ రికార్డుకి హాష్ విలువతో సర్టిఫికెట్ ఇవ్వాలి. ఆ హాష్ ఫైలు మారలేదని చెబుతుంది. ఫైల్లో మొదటే తప్పు టైమ్ రాస్తే? తప్పు మారలేదని చెబుతుంది :(

మీలో ఎవరైనా ఇలాంటి సిస్టమ్ మీద పనిచేస్తుంటే రేపు ఆఫీసుకెళ్ళి టేబుల్ తెరిచి చూడండి. బండి చెప్పిన టైమ్‌కి ఒక కాలమ్, సర్వర్‌కి చేరిన టైమ్‌కి ఇంకో కాలమ్, రెండూ ఉన్నాయా? ఒకటే ఉంటే, దాన్ని చూసి ఈ నెల ఎంతమంది డ్రైవర్ల డబ్బులు కోశారో కూడా అక్కడే ఒక క్వెరీ కొట్టి చూడండి.