కార్మికుల కోర్కెల పత్రంలో మన ఇంటి లెక్క

ఏటా కేంద్ర బడ్జెట్ వెలువడిన మరుసటి రోజు ముస్లిం సంఘాల కార్యాలయాల్లో చర్చంతా ఒక్క అంకె చుట్టూనే తిరుగుతుంది. మైనారిటీ వ్యవహారాల మంత్రిత్వ శాఖకు ఎంత ఇచ్చారు? ఆ ప్రశ్న సమంజసమే. 2022–23లో 5,020 కోట్ల రూపాయలున్న ఆ శాఖ కేటాయింపు మరుసటి ఏడాదే 3,097 కోట్లకు పడిపోయింది. 2025–26లోనూ 3,350 కోట్ల దగ్గరే ఆగింది. యాభై లక్షల కోట్లు దాటిన బడ్జెట్‌లో అది వంద రూపాయలకు ఏడు పైసలు కూడా కాదు. ఎనిమిదో తరగతి లోపు పిల్లలకు ప్రీ మెట్రిక్ ఉపకార వేతనం ఆగిపోయింది. మౌలానా ఆజాద్ ఫెలోషిప్‌ను 2022 డిసెంబరులో రద్దు చేశారు. ఈ అన్యాయాలను ఈ పుటల్లో ప్రశ్నించాం, ఇకమీదటా ప్రశ్నిస్తాం.

కానీ మన ఇళ్లలో అత్యధిక భాగం పొయ్యి వెలిగేది ఆ పద్దు నుంచి వచ్చే డబ్బుతో కాదు. బీడీ చుట్టే చేతులు, జరీ కుట్టే చేతులు, ఆటో నడిపే చేతులు, మెకానిక్ షెడ్డులో నల్లబడిన చేతులు, అర్ధరాత్రి ఇంటింటికీ భోజనం పొట్లాలు చేరవేసే చేతులు ఆ పొయ్యిని వెలిగిస్తున్నాయి. సచార్ కమిటీ 2006లో ఇచ్చిన నివేదికలో ముస్లింలు నెలజీతపు కొలువుల్లో తక్కువగా, స్వయం ఉపాధిలో, ఇంటి పట్టున చేసే పనుల్లో ఎక్కువగా ఉన్నారని, పొగాకు ఉత్పత్తులు, వస్త్ర పరిశ్రమల్లో వారి సాంద్రత ప్రస్ఫుటంగా ఉందని స్పష్టంగా చెప్పింది. ఆ నివేదికను మనవాళ్లు రిజర్వేషన్ల వాదనకు వందల సార్లు ఉదహరించారు. అందులోని కార్మికుల అధ్యాయాన్ని మాత్రం ఎవరూ పెద్దగా తెరిచి చూపలేదు.

అందుకే ఫిబ్రవరి 1న రానున్న 2026–27 బడ్జెట్ ముందు కేంద్ర కార్మిక సంఘాలు ప్రభుత్వం ముందుంచిన కోర్కెలను ముస్లిం కుటుంబాలు తమ కోర్కెలుగానే చదవాలని మేము కోరుతున్నాం. నెలకు 26,000 రూపాయల కనీస వేతనం, ఉద్యోగుల పింఛను పథకం కింద 9,000 రూపాయల కనీస పింఛను, అసంఘటిత కార్మికులందరికీ సామాజిక భద్రత నిధి, సంపన్నుల మీద పన్ను అనేవి కొన్నేళ్లుగా ఆ సంఘాలు వినిపిస్తున్న డిమాండ్లు. ఎర్రజెండా వారివనో, వేరే జెండా వారివనో వీటిని పక్కన పెట్టేవారు ముందు ఒక బీడీ కార్మికురాలి పాసుపుస్తకం చూడాలి.

నిజామాబాద్, కామారెడ్డి, జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్ ప్రాంతాల్లో బీడీ పని తెలియని పేట లేదు. పద్మశాలి ఇంట్లో, దళితవాడలో, ముస్లిం మొహల్లాలో ఒకే చాట, ఒకే కత్తెర, ఒకే తునికాకు. ఆకు తడిపి, కత్తిరించి, జర్దా పోసి, చుట్టి, దారం కట్టి వెయ్యి బీడీలు పూర్తి చేసేసరికి పొద్దు వాలిపోతుంది. కార్ఖానాలో లెక్క అప్పగించేటప్పుడు బాగా లేవని కొన్ని కట్టలు తీసి పారేస్తే ఆ కూలి పోయినట్టే. ఆకు తక్కువ తూగితే కొరత ఆమె చేతి నుంచే పోవాలి. దేశంలో నమోదైన బీడీ కార్మికులు దాదాపు యాభై లక్షలని కేంద్ర కార్మిక శాఖే చెబుతోంది. వారిలో ఎక్కువ మంది స్త్రీలు, ఇంట్లో కూర్చుని చేసేవారే.

ఈ స్త్రీలకు భవిష్య నిధి హక్కు ఊరకే రాలేదు. ఇంట్లో చుట్టేవారు మా ఉద్యోగులు కారని యజమానులు వాదించారు. 1985లో పి.ఎం. పటేల్ అండ్ సన్స్ కేసులో సుప్రీంకోర్టు ఆ వాదనను తోసిపుచ్చి, ఇంట్లో బీడీలు చుట్టేవారు కూడా భవిష్య నిధి చట్టం కిందికి వస్తారని తేల్చింది. ఆ తీర్పు వల్లనే నేడు ఒక వృద్ధురాలి పేరున పింఛను అనేది ఒకటి ఉంది.

ఆ పింఛను ఎంత? 2014 సెప్టెంబరులో కనీస పింఛనును 1,000 రూపాయలుగా నిర్ణయించారు. పదకొండేళ్లు దాటినా అది అలాగే ఉంది. రోజుకు ముప్పైమూడు రూపాయలు! పింఛను లెక్కించే సూత్రం సరళమే: సగటు వేతనాన్ని సర్వీసు సంవత్సరాలతో గుణించి డెబ్బైతో భాగిస్తారు. నెలకు మూడు వేల వేతనం రికార్డులో పడిన స్త్రీ పదిహేనేళ్లు పని చేస్తే 642 రూపాయలు వస్తాయి. దాన్ని వెయ్యికి పెంచి ఇస్తారు. ఆ పెంపుకయ్యే తేడా సొమ్మును కేంద్ర ప్రభుత్వం బడ్జెట్ నుంచి భరిస్తుంది. కనుక కనీస పింఛను పెంచడమన్నది ఎక్కడో భవిష్య నిధి సంస్థ ధర్మకర్తల మండలి తలుచుకుంటే జరిగే పని మాత్రమే కాదు, ఆర్థిక మంత్రి కలం కదలవలసిన పని. మన రాష్ట్ర ప్రభుత్వం బీడీ కార్మికులకు ఇచ్చే భృతి 2019 నుంచి 2,016 రూపాయలు. జీవితమంతా కూలిలో కోత పడిన వారికి కేంద్రం హామీ ఇచ్చేది అందులో సగం కూడా లేదు.

సంఘాలు అడుగుతున్న తొమ్మిది వేలు అత్యాశ అని కొందరు పెద్దలు అంటున్నారు. 2019లో కార్పొరేట్ పన్నును 30 నుంచి 22 శాతానికి తగ్గించినప్పుడు ఖజానాకు ఏటా 1.45 లక్షల కోట్ల ఆదాయం తగ్గుతుందని ఆర్థిక మంత్రే స్వయంగా ప్రకటించారు. అప్పుడు అత్యాశ అన్న మాట ఎవరి నోటా రాలేదు. సంపద పన్నును 2015లో ఎత్తివేశారు. వారసత్వ సంపద మీద పన్ను 1985లోనే పోయింది. డబ్బు ఎక్కడి నుంచి తేవాలని అడిగేవారికి కార్మిక సంఘాలు ఈ రెండు పన్నులనూ గుర్తు చేస్తున్నాయి. ఆ జవాబులో మాకు లోపం కనిపించడం లేదు.

పింఛను కంటే తక్కువగా మాట్లాడుకునే విషయం మరొకటి ఉంది. మా దృష్టిలో ఈసారి బడ్జెట్‌లో అన్నిటికన్నా ముందు తేలవలసింది అదే. 1976లో బీడీ కార్మికుల సంక్షేమ నిధి చట్టం, దానికి తోడుగా సెస్సు చట్టం వచ్చాయి. తయారైన ప్రతి వెయ్యి బీడీల మీద వసూలైన సెస్సు, చివరి రోజుల్లో అది ఐదు రూపాయలు, ఆ నిధికి చేరేది. బీడీ కార్మికుల ఆసుపత్రులు, డిస్పెన్సరీలు, పిల్లల ఉపకార వేతనాలు, ఇంటి నిర్మాణానికి సాయం, క్షయ, క్యాన్సర్ చికిత్సకు ఖర్చు, అన్నీ దాని నుంచే. తన వేళ్లు అరగదీసుకుని చుట్టిన బీడీ నుంచి వచ్చిన సొమ్ము తన బిడ్డ ఫీజుగా తిరిగి వచ్చేది. 2017 జూలై 1న జీఎస్టీ వచ్చింది, సెస్సు పోయింది. బీడీ మీద 28 శాతం, తునికాకు మీద 18 శాతం పన్ను వేశారు. ఖజానాకు చేరే మొత్తం పెరిగిందే తప్ప తరగలేదు. కానీ అందులో ఇంత భాగం కార్మికురాలిది అని చెప్పే చట్టబద్ధమైన దారి మూసుకుపోయింది. సంక్షేమ పథకాలు కాగితం మీద కొనసాగుతున్నాయి, సొమ్ము మాత్రం ఏటా కార్మిక శాఖ పద్దులో ఎవరి దయ కలిగితే అంత.

2025 సెప్టెంబరులో జీఎస్టీ మండలి బీడీ మీద పన్నును 18 శాతానికి, తునికాకు మీద 5 శాతానికి తగ్గించాలని నిర్ణయించింది. యజమానులు హర్షించారు. ఆ తగ్గింపులో ఒక్క శాతమైనా సంక్షేమ నిధికి మళ్లించాలన్న షరతు ఎక్కడా లేదు. బడ్జెట్‌లో బీడీ సంక్షేమ నిధిని జీఎస్టీ రాబడిలో స్థిరమైన వాటాతో పునరుద్ధరించాలి. మా కోర్కె అది. ఆ నిధి ఉంటే చాలా మంది ముస్లిం బాలబాలికలకు మైనారిటీ శాఖ మూసిన తలుపు పక్కనే మరో తలుపు తెరిచి ఉంటుంది. కార్మిక శాఖ ఉపకార వేతనం ఒకటో తరగతి నుంచే వర్తిస్తుంది. తరగతిని బట్టి ఏడాదికి 1,000 నుంచి 25,000 రూపాయల వరకు ఇస్తుంది. తల్లి బీడీ గుర్తింపు కార్డు ఉన్న ఎన్ని ఇళ్లకు ఈ సంగతి తెలుసు?

పొగాకును ప్రోత్సహించమని మేము అడుగుతున్నామని ఎవరూ అనుకోవద్దు. జర్దా ధూళి ఆ స్త్రీల ఊపిరితిత్తుల్లో ఏం చేస్తుందో మన బస్తీల డాక్టర్లకు బాగా తెలుసు. ఆడపిల్లల చేతికి చాట అందించే ఆచారం ఎంత త్వరగా పోతే అంత మంచిది. అయితే పొగాకు నియంత్రణపై భారతదేశం 2004లో ఆమోదించిన అంతర్జాతీయ ఒడంబడికే, ఈ వృత్తిలో ఉన్నవారికి బతుకునిచ్చే ప్రత్యామ్నాయాలు చూపాలని పదిహేడో అధికరణంలో చెబుతోంది. ప్యాకెట్ మీద హెచ్చరిక బొమ్మ సైజు పెంచడానికి ఉన్న శ్రద్ధ ఆ అధికరణం మీద లేదు. పని మాన్పించదలిస్తే మరో పని కోసం బడ్జెట్‌లో పద్దు చూపాలి.

2025 నవంబరు 21న నాలుగు కార్మిక స్మృతులు అమలులోకి వచ్చాయి. 1966 నాటి బీడీ, సిగార్ కార్మికుల చట్టం వృత్తి భద్రత స్మృతిలో కలిసిపోయింది. సామాజిక భద్రత స్మృతి ‘గృహాధారిత కార్మికుల’ను అసంఘటిత కార్మికుల కోవలో నిర్వచించింది. ఈ నిర్వచనం పట్టుకుని, 1985లో ఓడిన వాదనను యజమానులు మళ్లీ ముందుకు తెస్తారేమోనన్న భయం సంఘాలకు ఉంది, మాకూ ఉంది. అసంఘటిత కార్మికులకు ఉన్న పథకాల తీరు చూస్తే ఆ భయం ఎందుకో అర్థమవుతుంది. 2019లో వచ్చిన శ్రమయోగి మాన్‌ధన్‌లో చేరాలంటే వయసు నలభై లోపు ఉండాలి, భవిష్య నిధి సభ్యత్వం ఉండకూడదు. నలభై దాటిన, పీఎఫ్ లేని స్త్రీకి అక్కడా చోటు లేదు, ఇక్కడా లేదు. ఈ-శ్రమ్‌లో ముప్పై కోట్ల మందికి పైగా పేర్లు నమోదయ్యాయి. పేరెక్కినంత మాత్రాన పింఛను రాదు.

జాతీయ కనీస వేతనపు అడుగు రేటు 2019 నుంచి రోజుకు 178 రూపాయలు. ప్రభుత్వమే నియమించిన నిపుణుల కమిటీ అదే ఏడాది 375 సిఫారసు చేసింది. ఇప్పుడు వేతన స్మృతి ప్రకారం ఈ రేటుకు చట్టబలం వస్తుంది కనుక, దాన్ని ఎంతగా నిర్ణయిస్తారన్నది బీడీ రేటునూ, బ్లౌజు కుట్టుకూలినీ కూడా తాకుతుంది.

నగరంలో మన యువకుల సంగతి వేరు. హైదరాబాద్‌లో క్యాబ్ తోలేవారిలో, యాప్ ద్వారా సరుకులు చేరవేసేవారిలో మనవారు ఎంతమందో పాతబస్తీలో ఏ గల్లీ మొదట నిలబడినా తెలుస్తుంది. గత బడ్జెట్ వారికి ఈ-శ్రమ్ గుర్తింపు, ఆయుష్మాన్ భారత్ ఆరోగ్య బీమా ప్రకటించింది. మంచిదే. కానీ ప్రమాదంలో కాలు విరిగిన కుర్రవాడికి ఆసుపత్రి బిల్లు తీరినా మూడు నెలల కిరాయి, బండి కిస్తీ ఎవరు కడతారు? కంపెనీలు తమ వ్యాపారంలో ఒకటి రెండు శాతం నిధికి జమ చేయాలని స్మృతి చెబుతోంది. ఆ నిధికి కేంద్రం తన వంతు ఎంత కలుపుతుందో ఫిబ్రవరి 1న చెప్పాలి.

కార్మిక సంఘాలతోనూ మాకు ఒక పేచీ ఉంది. వారి కోర్కెల పత్రాల్లో పాత పింఛను విధానం, ప్రభుత్వరంగ సంస్థల అమ్మకం మొదటి పుటల్లో ఉంటాయి, ఇంట్లో పని చేసే స్త్రీ చివరి పుటల్లో ఒక వాక్యంగా కనిపిస్తుంది. గృహ కార్మికుల హక్కులపై అంతర్జాతీయ కార్మిక సంస్థ 1996లో చేసిన 177వ ఒప్పందాన్ని భారతదేశం నేటికీ ఆమోదించలేదు. ఆ ఒక్క డిమాండ్ మీద దేశమంతా ఒక రోజు సమ్మె జరిగినట్టు మేమెరుగం. బీడీ సంఘాల వేదికల మీద బీడీ చుట్టే స్త్రీలు ఎంతమంది కూర్చుంటున్నారో, వారిలో బుర్ఖా వేసుకున్నవారు ఎంతమందో నాయకులే లెక్క చూసుకోవాలి. మరోవైపు, మసీదు కమిటీలూ, మన సంక్షేమ సంఘాలూ నికాహ్ సాయానికీ, రంజాన్ రేషన్‌కూ చూపే శ్రద్ధలో పదో వంతు పీఎఫ్ ఫారాల మీద పెట్టినా ఫలితం వేరుగా ఉండేది. పీఎఫ్ రికార్డులో ‘షాహీన్ బీ’, ఆధార్‌లో ‘షాహీన్ బేగం’. పుట్టిన తేదీ ఒకచోట జనవరి 1, మరోచోట జూలై 1. ఈ తేడాతో క్లెయిము తిరిగి వస్తుంది. దిద్దుబాటుకు యజమాని సంతకం కావాలంటారు. కార్ఖానా మూతపడి ఉంటుంది. ఇలాంటి పత్రాలను సరిచేసే ఒక చదువుకున్న యువకుడు వారానికి ఒక రోజు మసీదు పక్క గదిలో కూర్చుంటే చాలు. దానికి బడ్జెట్ కూడా అక్కర్లేదు.

ప్రభుత్వం వింటుందా అన్న సందేహం సహజం. కార్మికులు, యజమానులు, ప్రభుత్వం కలిసి కూర్చునే భారత కార్మిక మహాసభ 2015 తరువాత జరగలేదు. 2022 నవంబరులో బడ్జెట్ సంప్రదింపులకు వీడియో ద్వారా తలా కొన్ని నిమిషాలు కేటాయిస్తే పది కేంద్ర కార్మిక సంఘాలు ఆ సమావేశాన్ని బహిష్కరించాయి. పారిశ్రామికవేత్తల మాటకున్న వెయిట్ వీరి మాటకు లేదన్నది బహిరంగ రహస్యం. అందుకే ఢిల్లీ సమావేశం మీదే ఆశ పెట్టుకోకుండా, నిజామాబాద్, కరీంనగర్, జహీరాబాద్, ఆదిలాబాద్ పార్లమెంటు సభ్యులను వారి వారి ఊళ్లలోనే కలవాలని బీడీ కార్మికులకు మా సూచన. ముస్లిం మహిళలు విడిగా కాకుండా, పక్క వాడకట్టు పద్మశాలి మహిళలతో కలిసి వెళ్లాలి. వినతిపత్రంలో మూడు మాటలు చాలు: సంక్షేమ నిధికి జీఎస్టీలో వాటా, కనీస పింఛను పెంపు, ఇంట్లో చుట్టేవారికి పీఎఫ్ హక్కు కొనసాగింపు. సభ్యుడు సంతకం చేసి తీసుకున్న నకలును జాగ్రత్త పరచాలి. ఫిబ్రవరి 1 తరువాత అదే సభ్యుడి దగ్గరకు ఆ నకలుతోనే మళ్లీ వెళ్లవలసి ఉంటుంది.