పడవలో ఏముండాలి? కాట్పాడి నుంచి ఒక మాట

సముద్రం లేని ఊళ్లో కూర్చుని ఈయనకు చేపల పడవ సంగతి ఎందుకు అని కొందరు నవ్వుకుంటారు. నవ్వుకోండి, కానీ పూర్తిగా చదవండి. తుఫాను వస్తే కోస్తా వాళ్లకు బియ్యం, దుప్పట్లు పంపాలని మన గ్రూపులో చర్చ జరుగుతోంది కదా. నా అభిప్రాయం వేరు.

పోయిన నెల కాట్పాడి స్టేషన్‌లో ఉప్పాడ నుంచి వచ్చిన ఒక అబ్బాయి కలిశాడు. తండ్రిని సీఎంసీలో చూపించడానికి తెచ్చాడు. ఆటో వాడితో తెలుగులో బేరమాడుతుంటే నేను మధ్యలో వెళ్లి మాట సాయం చేశాను. వేటకు వెళ్లేవాడట, ఫైబర్ బోటు, ఆరుగురు మనుషులు. బోటులో ఏమేమి పెట్టుకుంటారు అని అడిగాను. వల, ఐసు, డీజిల్, బియ్యం, జీపీఎస్, గంగమ్మ పటం అన్నాడు. లైఫ్ జాకెట్లు లేవా అంటే, "ఆయ్, ఉన్నాయండి. ఇంట్లో అటక మీద ఉన్నాయి. బోటులో పెడితే ఉప్పు పట్టి పాడైపోతాయి గదండీ" అన్నాడు.

నాకు నవ్వు రాలేదు. తప్పు అతనిది కూడా కాదు. ఆ లావు జాకెట్ తొడుక్కుని ఎండలో వల లాగడం ఎవరి వల్ల అవుతుంది? ఇచ్చేవాళ్లు ఒక్క రోజు వేసుకుని చూసి ఉంటే చేతులకు అడ్డం రాని సన్న రకం ఇచ్చేవారు.

రైల్వేలో గార్డుకు ఒక పెట్టె ఉండేది, లైన్ బాక్స్ అంటాము. ఎర్ర జెండా, పచ్చ జెండా, చేతి దీపం, పట్టాల మీద పెడితే పేలే డిటోనేటర్లు అందులో ఉంటాయి. నా సర్వీసులో ఆ డిటోనేటర్లు నిజంగా వాడాల్సి వచ్చిన గార్డులు కొద్దిమందే. అయినా సామాను లేకుండా బండి ఎక్కిన గార్డును నేను చూడలేదు. పడవకు అలాంటి పెట్టె ఎందుకు ఉండకూడదు?

1996 నవంబర్ 6న కోనసీమ తుఫానులో వేటకు వెళ్లిన ఎంతోమంది తిరిగి రాలేదు. 2017 నవంబర్ 30న ఓఖి తుఫాను కన్యాకుమారి వాళ్లను అలాగే పట్టుకుంది. హెచ్చరిక వచ్చేటప్పటికి చాలా బోట్లు లోతు సముద్రంలో ఉన్నాయి. అంత దూరంలో సెల్‌ఫోన్ మూగది. దీనికోసమే ఇస్రో 2010 నుంచి డాట్ అనే పరికరం నడుపుతోంది. పడవ మునుగుతోంది, నిప్పు అంటుకుంది, మనిషి నీళ్లలో పడ్డాడు, ఒంట్లో బాగాలేదు అని బటన్ నొక్కితే ఉపగ్రహం ద్వారా కబురు ఒడ్డుకు చేరి కోస్ట్‌గార్డుకు అందుతుంది. పాతదానిలో కబురు అందిందో లేదో పడవవాడికి తెలిసేది కాదు. 2024లో వచ్చిన కొత్తదానిలో "అందింది" అని జవాబు వస్తుంది. చుట్టూ నీళ్లు తప్ప ఏమీ కనపడనప్పుడు ఆ ఒక్క మాట ఎంత ధైర్యమో!

ఇప్పుడు కేంద్రం లక్ష పడవలకు ట్రాన్స్‌పాండర్లు ఉచితంగా పెడుతోంది. సరిహద్దు దగ్గరపడితే అదీ హెచ్చరిస్తుంది. 2018లో గుజరాత్ వెరావల్ నుంచి వేటకు వెళ్లి పాకిస్తాన్‌కు చిక్కిన మన శ్రీకాకుళం, విజయనగరం వాళ్లు 2020 జనవరిలో గానీ బయటికి రాలేదు. అలాంటి కష్టం మళ్లీ ఏ ఇంటికీ రాకూడదు.

ఇవన్నీ ప్రభుత్వం చేసే పని. మనం చేయగలిగింది చిన్న సామాను. ఇంజన్ ఆగి పడవ కొట్టుకుపోతే ముందు అయిపోయేది మంచినీళ్లే. అందుకని మూత గట్టిగా పడే నీళ్ల క్యాన్లు, వాటిని ముట్టకూడదు అనే కట్టుబాటు. తడవని టార్చి, మెడలో వేసుకునే విజిల్, ఎండను మెరిపించే చిన్న అద్దం, పైనుంచి విమానానికి కనపడే నారింజ రంగు గుడ్డ. ఫ్యాన్‌లో వల చిక్కితే కోయడానికి పదునైన కత్తి. మందుల డబ్బా. కోస్ట్‌గార్డు నంబరు 1554 చెరగని రంగుతో పడవ లోపలి వైపు రాయాలి.

బియ్యం ఒడ్డు మీద బతికి ఉన్నవాళ్లకు. ఈ పెట్టె నీళ్ల మీద ఉన్నవాడికి. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం, అప్పుడు ఇంజన్ పడవలు ఒడ్డునే ఉంటాయి. ఆ లోపల ఒక పది పెట్టెలు తయారు చేసి పంపుదాం. జాకెట్ రకం మనం ఎంచవద్దు, వల లాగేవాళ్లనే అడుగుదాం. ఆదివారం సమావేశంలో ఈ విషయం పెట్టమని కార్యదర్శి గారిని కోరుతున్నాను. ఉప్పాడ అబ్బాయి నంబరు నా దగ్గర ఉంది.