చెప్పని మాటను పట్టుకోవడం నేర్పుదాం

ఉద్యోగ పరీక్షలకు తయారయ్యే పిల్లల రీజనింగ్ పుస్తకాల్లో 'ప్రకటనలు – ఊహనలు' అనే అధ్యాయం ఉంటుంది. లెక్కలు చకచకా చేసే పిల్లలు కూడా ఇక్కడ మార్కులు పోగొట్టుకుంటారు. లోపం తెలివిలో లేదు, ప్రశ్నను అర్థం చేసుకోవడంలో ఉంది. ఏది నిజమని ఆ ప్రశ్న అడగడం లేదు. మాట్లాడినవాడు పైకి చెప్పకుండా దేన్ని ఆధారం చేసుకున్నాడని అడుగుతోంది.

మన తీరం నుంచే ఉదాహరణ తీసుకుందాం. 2013 అక్టోబర్ 12న ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. అలాంటి రోజుల్లో ఎవరో ఇలా అన్నారనుకోండి: 'తుఫాను హెచ్చరిక జారీ అయింది. కాబట్టి గోపాల్‌పూర్ జాలర్లు రేపు వేటకు వెళ్ళరు.' దీనికి మూడు ఊహనలు ఇచ్చారు. ఒకటి, హెచ్చరిక జాలర్లకు చేరుతుంది. రెండు, ప్రతి జాలరి ఇంట్లో రేడియో ఉంది. మూడు, ఈ తుఫాను ఫైలిన్ అంత పెద్దది.

తేల్చుకోవడానికి తేలికైన దారి ఉంది. ఒక్కో ఊహనను తిరగేసి చూడాలి. హెచ్చరిక జాలర్లకు చేరలేదనుకుంటే, హెచ్చరిక వచ్చింది కాబట్టి వెళ్ళరనే వాదన కూలిపోతుంది. కనుక మొదటిది తప్పనిసరి. కొందరి ఇళ్ళలో రేడియో లేకపోయినా మైకులో చాటింపు వినవచ్చు. తుఫాను చిన్నదైనా హెచ్చరిక విని ఆగిపోవచ్చు. కనుక మిగిలిన రెండూ అవసరం లేదు. 'ప్రతి', 'అందరూ', 'మాత్రమే' వంటి మాటలున్న ఊహనలను పిల్లలు మరింత జాగ్రత్తగా చూడాలి. అవి తరచు వాదనకు కావలసినదానికంటే ఎక్కువ చెబుతాయి.

ఇది ముందు ఇంటి భాషలో అలవడితే తరువాత ఏ భాషలోనైనా పనికొస్తుంది. పైగా 2023లో స్టాఫ్ సెలక్షన్ కమిషన్ ఎం.టి.ఎస్. పరీక్షను హిందీ, ఇంగ్లీషులతో పాటు 13 ప్రాంతీయ భాషల్లో పెట్టింది. వాటిలో తెలుగు ఉంది, ఒడియా కూడా ఉంది.

అయితే ఈ పరీక్ష పిల్లలకే కాదు, మనకూ ఉంది. గంజాం 1936లో మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి ఒడిశాకు మారింది. ఇప్పుడు బరంపురంలోని తెలుగు ఇళ్ళలో ఒక మాట వినబడుతుంది: 'ఇక్కడ బతుకుతెరువుకు ఒడియా, ఇంగ్లీషు కావాలి. కాబట్టి పిల్లల్ని తెలుగు బడి మాన్పించాలి.' ఇందులో చెప్పని మాట ఏది? తెలుగు బడిలో ఆ రెండు భాషలూ సరిగా రావన్నది. దాన్ని తిరగేసి, తెలుగు బడిలోనే ఆ రెండూ బాగా వస్తాయనుకుంటే బడి మాన్పించడానికి కారణం మిగలదు. కానీ ఊహనను గుర్తించినంత మాత్రాన అది అబద్ధమైపోదు. మీ ఊరి బడిలో అది నిజమో కాదో తల్లిదండ్రులు వెళ్ళి చూడాలి. నిజం కాదని పిల్లల చదువుతో చూపించవలసినవారు ఉపాధ్యాయులు.

మన వైపు వాదననూ వదలకూడదు. 1956లో రాజ్యాంగంలో చేరిన 350ఎ అధికరణం, భాషా మైనారిటీల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు తగిన సౌకర్యాలు కల్పించడానికి ప్రయత్నించాలని రాష్ట్రాలకు చెబుతోంది. 'కాబట్టి మన బడులు నిలుస్తాయి' అని మనం ధీమాగా ఉంటాం. ఇందులో చెప్పని మాట, మనం మన పిల్లల్ని వాటిలో చేర్పిస్తామన్నది. దాన్ని తిరగేస్తే ఏమవుతుందో వేరే చెప్పనక్కరలేదు.

ఉపాధ్యాయులకు ఒక విన్నపం. వారానికి ఒక్క పీరియడ్‌లో పది నిమిషాలు దీనికి కేటాయించండి. ఒక వార్తో, ప్రకటనో చదివించి 'కాబట్టి' ఎక్కడుందో వెతికించండి. పైకి ఆ మాట లేకపోతే ఎక్కడ పెట్టవచ్చో అడగండి. దానికి ముందు మాటకూ వెనుక మాటకూ మధ్య ఏ మెట్టు తప్పిందో పిల్లల చేతనే తెలుగులో చెప్పించండి. రేపు పరీక్షలో ఆ మార్కు వాళ్ళకు వస్తుంది. ఎవరేమి చెప్పినా తలూపకుండా ఒక్క క్షణం ఆగి ఆలోచించడం కూడా వస్తుంది.