తిరుగుదారి

1982లో ఇంటెల్ సంస్థ 80286 ప్రాసెసరును వెలువరించినప్పుడు, ఒక మెగాబైటు మెమొరీతో తృప్తినొందు రియల్ మోడ్ నుండి 16 మెగాబైట్ల ప్రొటెక్టెడ్ మోడ్‌లోనికి ప్రవేశించుటకు ద్వారము నిర్మించెనే గాని, మరలి వచ్చుటకు దారి విడువలేదు. క్రొత్త యింట కాలిడినవాడు పాత యింటిని తలపడని నిర్మాతలు భావించిరి కాబోలు. కాని డాసూ, దానిని నమ్ముకొన్న డ్రైవర్లూ పాత యింటనే కాపురముండుటచే, 1984 నాటి పీసీ ఏటీలో వెనుకకు రావలసిన ప్రతిసారి కీబోర్డు కంట్రోలరుచేత ప్రాసెసరును రీసెట్ చేయింపవలసివచ్చెను. పుట్టినింటికి పోవుటకై ప్రతిసారి మూర్ఛిల్లి తేరుకొనవలసిన కోడలి దుఃస్థితి యది! 1985లో వచ్చిన 80386 ఆ లోపమును దిద్దినది.

అయినను అసలు చిక్కు క్రొత్తది పాతదానిని పిలుచుటలో లేదు. పాతది క్రొత్తదానిని పిలువవలసినప్పుడు కలదు. మౌస్ కదలినంతనే రియల్ మోడ్ డ్రైవరు మన ప్రోగ్రాములోని రొటీనును పిలువవలెను. ఆ రొటీను మెగాబైటుకు పైన, ఆ డ్రైవరు ఉచ్చరింపనైనను లేని చిరునామాలో వసించుచుండును. 1990 నాటి డీపీఎమ్ఐ (డాస్ ప్రొటెక్టెడ్ మోడ్ ఇంటర్‌ఫేస్) నియమావళి దీనికి చూపిన ఉపాయము నాకు మిక్కిలి ప్రశంసనీయముగా తోచును: డ్రైవరుకు తెలిసిన భాషలోనే ఒక చిరునామా నిచ్చి, అది ఆ గడప తట్టినప్పుడు రిజిస్టర్ల విలువలను 50 బైట్ల పట్టికలో భద్రపరచి, మోడ్ మార్చి, మన రొటీనును మేల్కొల్పి, పని ముగిసినపిదప యథాస్థానమునకు చేర్చును. డ్రైవరులో ఒక్క యక్షరమైనను మార్చనక్కరలేదు. దీనిని అతుకులబొంత యని ఈసడించువారితో నేను ఏకీభవింపజాలను. అట్టి గడపలు ప్రోగ్రామునకు కనీసము 16 ఉండవలెనన్న లెక్క మాత్రము లోభితనమే.

ఈ సౌకర్యము మెలకువను కోరును. రియల్ మోడ్ స్టాకు నుండి తిరుగు చిరునామాను తీసి పట్టికలో వ్రాయుట రొటీను బాధ్యతయే. అంతకన్న ముఖ్యముగా, ఇంటరప్టు వచ్చునప్పుడు పనిచేయు కోడును, డేటాను మెమొరీలో ముందే లాక్ చేసి యుంచవలెను; లేనియెడల డిస్కుకు తరలిపోయిన పేజీని తెచ్చుటకు డాసును పిలువవలసివచ్చును, ఆ డాసో అప్పటికే మరియొక పనిలో మునిగి, రెండవ పిలుపునకు పలుకదు.

2023లో ఇంటెల్ ఆ పాత యింటిని కూల్చుటకు ప్రతిపాదించి, మరుసటి యేడు విరమించుకొన్నది. నేటికిని ఆ వంశపు ప్రాసెసరు రీసెట్ పిదప కన్నుదెరచునది రియల్ మోడ్‌లోనే.