మూలన ఏముందిరా, టామీ?

సినిమాలో కుక్క గోడని వాసన చూసిందంటే చాలు, కథ మనకి అర్థమైపోతుంది. వెనకాల డోలు మోగుతుంది, కెమెరా దగ్గరికొస్తుంది, గోడ వెనకనుంచి శవమో నగలపెట్టో బయటపడుతుంది. దెయ్యం సినిమా అయితే కుక్క ఒక్కసారి మూలిగి, తోక ముడిచి పరిగెడుతుంది... ఇంటర్వెల్! హాల్లో కూర్చున్న మనకి భలే సరదాగా ఉంటుంది.

అదే పని మనింట్లో కుక్క చేస్తే? రాత్రి పదింటికి ఫ్రిజ్ పక్క మూలకి చేరి, అరగంటసేపు ఫుస్ ఫుస్ మంటూ కదలకపోతే? అప్పుడు సినిమాలు నేర్పిన పరిజ్ఞానమంతా పైకి తన్నుకొస్తుంది. "ఇంట్లో ఏదో తిరుగుతోందర్రా" అంటుంది బామ్మ. గుమ్మానికి నిమ్మకాయలు వేళ్ళాడతాయి. నాలుగు రోజులకీ కుక్క మానకపోతే, "దీనికేదో పట్టింది, ఊరవతల వదిలేసి రండి" అనే మాట కూడా వచ్చేస్తుంది.

మాకు తెలిసిన ఒకరింట్లో వ్యవహారం సరిగ్గా అక్కడిదాకా వచ్చింది. ఆఖరికి డిగ్రీ చదివే కుర్రాడు ఫ్రిజ్ ముందుకి జరిపి చూశాడు. వెనకాల వెచ్చటి చోట, గుడ్డపేలికల మధ్య నాలుగు ఎలుకపిల్లలు! పాపం, కుక్క నాలుగు రోజులనుంచీ మొత్తుకుంటున్నది అదేనండీ!

కుక్కకి ముక్కే కన్ను. మన ముక్కులో వాసన పట్టే కణాలు సుమారు 50, 60 లక్షలుంటే, కుక్క ముక్కులో అవి కోట్లలో ఉంటాయి. కొన్ని జాతుల్లో 20 కోట్లు దాటతాయి. వాసన చూసేటప్పుడు కుక్క సెకనుకి అయిదారుసార్లు గాలి పీలుస్తుంది. వదిలే గాలి ముక్కు పక్కనున్న చీలికల్లోంచి పోతుంది కాబట్టి ఎదురుగా ఉన్న వాసన చెదిరిపోదు. ఇక చెవి సంగతా? సెకనుకి 20,000 కంపనాలు దాటితే మనకి వినపడదు. కుక్కకి 40,000 దాటినా వినిపిస్తుంది. ఎలుకపిల్లల సన్నటి కూతలు ఆ బాపతువే మరి!

ఈ ముక్కు గొప్పతనం తెలియాలంటే మన సినిమావాళ్ళ సంగతే చూడండి. 1943లో వచ్చిన హాలీవుడ్ చిత్రం 'లాస్సీ కమ్ హోమ్' చూసి లోకమంతా లాస్సీ అనే ఆడకుక్క మీద ముచ్చటపడింది. ఆ వేషం వేసింది పాల్ అనే మగకుక్క! లక్షలమంది కళ్ళు మోసపోయాయి. హాల్లోకి పాల్‌ని తీసుకొచ్చి, ఇంకో కుక్కకి ఒక్కసారి వాసన చూపిస్తే గుట్టు అక్కడే రట్టయ్యేది.

అందుకని మిత్రులారా, మీ టామీ కొత్తగా ఏ మూలనైనా పట్టుకుంటే దాన్ని కసరకండి. సి.ఐ.డి. పాత్ర మీరు వెయ్యండి. మూడే మూడు ప్రశ్నలు: ఎక్కడ? ఎప్పుడు? ఏ ఎత్తులో?

రాత్రిళ్ళు మాత్రమే అయితే ఎలుకనీ, పందికొక్కునీ అనుమానించండి. గోడకి జానెడు, మూరెడు ఎత్తులో అయితే అక్కడ ఇదివరకెప్పుడో ఇంకో కుక్క కాలెత్తి ఉంటుంది. అద్దె ఇళ్ళలో ఇది మామూలే. మీరు ఫినాయిలు వేసి కడిగినా అది మన ముక్కుని మభ్యపెడుతుంది గానీ కుక్క ముక్కుని కాదు. చెప్పుల స్టాండు దగ్గరో, నీళ్ళ డ్రమ్ము వెనకో వాసన చూస్తూ, వెంట్రుకలు నిక్కబొడుచుకుని వెనక్కి గెంతుతూ మొరిగితే మాత్రం చెయ్యి పెట్టకండి. పాము కావచ్చు! కుక్కని అవతలికి తీసుకుపోయి, పాములు పట్టేవాళ్ళని పిలవండి.

అన్నిటికంటే ముఖ్యమైనది వంటింటి నేల. మనం వాడే వంటగ్యాసు గాలికంటే బరువు. లీకయితే ముందు కింద పరుచుకుంటుంది. వాసనలేని ఆ గ్యాసులో, లీకయితే మనకి తెలియాలని, మెర్‌కాప్టన్ అనే ఘాటైన పదార్థం కలుపుతారు. మన ముక్కేమో అయిదడుగుల ఎత్తున, టామీ ముక్కేమో నేలమీద. ఎవరికి ముందు తెలుస్తుందో మీరే చెప్పండి! సిలిండరు దగ్గర కుక్క కంగారుపడుతుంటే వంగి వాసన చూడండి. అనుమానం రాగానే రెగ్యులేటర్ కట్టేసి, తలుపులూ కిటికీలూ తెరవండి. లైటు స్విచ్చి వెయ్యొద్దు, ఆపొద్దు, అగ్గిపుల్ల జోలికి అసలే పోవద్దు. అందరూ బయటికొచ్చి 1906కి ఫోన్ చెయ్యండి. అది గ్యాసు ప్రమాదాలకోసమే పెట్టిన నంబరు.

ఇల్లంతా వెతికినా ఏమీ దొరకలేదా? అప్పుడు మూలని వదిలి కుక్కని చూడండి. ఒక ముక్కుపుటంలోంచే నీరో నెత్తురో కారుతోందా? గోడకి తల ఆనించి అలాగే నిలబడిపోతోందా? తిండి మానేసిందా? వెంటనే పశువుల డాక్టరు దగ్గరికి తీసుకుపోండి. పదేళ్ళు దాటిన కుక్క మూలకిపోయి, ఎందుకొచ్చిందో మరచినట్టు బిక్కమొహం వేసుకుని నిలబడితే, అది ముసలితనపు మతిమరుపు కావచ్చు. మన తాతయ్యలకి వచ్చేలాంటిదే. దానికి దెయ్యం పట్టలేదు, వయసు మీదపడింది. తాతయ్యని ఊరవతల వదిలేస్తామా ఏమిటి?

తెరమీద కుక్క గోడని వాసన చూస్తోందంటే, అక్కడ శిక్షకుడు ఏ బిస్కత్తో దాచి ఉంటాడు. 'తేరీ మెహర్బానియాఁ' (1985)లో కుక్కకైనా, '777 చార్లీ' (2022)లో కుక్కకైనా ఏ సీన్లో ఏం చెయ్యాలో చెప్పడానికి పక్కన మనుషులున్నారు. మీ ఇంట్లో టామీకి డైరెక్టరు లేడు. అది నటించదు. ఉన్నదేదో ఉన్నట్టు చెబుతుంది. మాటలు రావు గనక ముక్కుతో చెబుతుంది.

ఈ రాత్రి అది మూలకి చేరితే టి.వి. కాసేపు కట్టేసి, టార్చిలైటు పట్టుకుని దాని పక్కన మోకాళ్ళమీద కూర్చోండి. ఏం దొరికిందో మాకు రాయండి. వచ్చేవారం కలుద్దాం!