శస్త్రచికిత్సకు ముందూ తర్వాతా రోగి ఆహారం

ఇంట్లో ఎవరికైనా పెద్ద ఆపరేషన్ నిశ్చయమైతే మనం డబ్బు సమకూర్చుకుంటాం, రక్తదాతలను వెతుకుతాం, మంచి సర్జన్ ఎవరని పదిమందిని విచారిస్తాం. రోగి సరిగా తింటున్నారా అన్న ప్రశ్న మాత్రం తరచూ మరచిపోతాం.

1936లో హైరమ్ స్టడ్లీ అనే అమెరికా వైద్యుడు కడుపులో పుండుకు శస్త్రచికిత్స జరిగిన రోగుల వివరాలు పరిశీలించారు. ఆపరేషన్‌కు ముందే శరీర బరువులో 20 శాతానికి మించి కోల్పోయిన వారిలో మూడో వంతు మంది మరణించారు. అంతగా చిక్కిపోని వారిలో మరణాలు నూటికి నాలుగు కూడా లేవు. గాయం మానాలన్నా, సూక్ష్మక్రిములను ఎదుర్కోవాలన్నా మాంసకృత్తులు అవసరం. అవి ఆహారంలో అందకపోతే శరీరం తన కండరాలనే కరిగించుకుంటుంది.

కనుక గత ఆరు నెలల్లో రోగి బరువు పదో వంతు తగ్గితే, ఆ సంగతి డాక్టరుకు ముందే తెలియజేయాలి. అత్యవసరం కాని ఆపరేషన్ అయితే ఒకటి రెండు వారాలు ఆగి, రోగికి బలం చేకూర్చి చేయడం మేలని వారు భావించవచ్చు. ఆపరేషన్‌కు ఎన్ని గంటల ముందు ఆహారం, నీరు మానాలో మత్తు డాక్టరునే అడగాలి. చాలామందికి తేలికైన ఆహారం ఆరు గంటల ముందు వరకు, మంచినీరు రెండు గంటల ముందు వరకు అనుమతిస్తున్నారు.

ఆపరేషన్ తర్వాత "పప్పు తింటే చీము పడుతుంది, గుడ్డు వేడి చేస్తుంది" అని పెద్దలు వారిస్తారు. వారి ప్రేమను శంకించలేం, కానీ ఆ మాటకు వైద్యశాస్త్రంలో ఆధారం లేదు. వారాల తరబడి జావ, బ్రెడ్డులతో సరిపెడితే గాయానికి కావలసిన పోషణ అందదు. మన ఇళ్లలో యఖ్నీ కాచి, పైనీరు మాత్రమే రోగికిచ్చి మాంసాన్ని పక్కన పెడుతుంటాం. మాంసకృత్తులు ఎక్కువగా ఉండేది ఆ పక్కన పెట్టిన మాంసంలోనే! డాక్టరు ఘనాహారానికి అనుమతించాక దాన్ని మెత్తగా ఉడికించి పెట్టవచ్చు.

60 కిలోల బరువున్న రోగికి రోజుకు సుమారు 70 నుంచి 90 గ్రాముల మాంసకృత్తులు కావాలి. ఒక గుడ్డులో లభించేది దాదాపు 6 గ్రాములు మాత్రమే. కనుక గుడ్డు, పాలు, పెరుగు, పప్పు, చేప, కోడిమాంసం వంటివి కొద్దికొద్దిగా రోజుకు ఐదారుసార్లు పెట్టాలి. మూత్రపిండాల జబ్బు, మధుమేహం ఉన్నవారికి, పేగుల ఆపరేషన్ జరిగినవారికి డాక్టరు చెప్పిన ప్రకారమే ఇవ్వాలి.

రమజాన్ నెలలో కొందరు రోగులు ఉపవాసానికే పట్టుబడతారు. వ్యాధిగ్రస్తులు ఇతర దినాలలో ఆ సంఖ్యను పూర్తి చేసుకోవచ్చని దివ్య ఖుర్ఆన్ (2:185) వెసులుబాటు ఇచ్చింది. ఆ మాటను వారికి మృదువుగా గుర్తుచేద్దాం.

పరామర్శకు వెళ్ళినప్పుడు పండ్ల సంచి ఇచ్చి వచ్చేయకుండా, రోగి ఏమి తినగలుగుతున్నారో కనుక్కుందాం. పళ్లెం ముట్టకుండానే తిరిగి వస్తుంటే ఆ విషయం డాక్టరు దృష్టికి తెద్దాం. అదీ సేవలో భాగమే.