పల్లెవెలుగు బస్సులో ఒక దినము

ప్రయాణమనగానే మనవారి మనస్సులో రెండే రూపములు మెదలును. ఒకటి తీర్థయాత్ర, రెండవది విహారయాత్ర. మొదటిది పెద్దలది, రెండవది పాఠశాలలది. ఈ రెండవదానిని గూర్చియే నాలుగు మాటలు చెప్పదలచినాను. ఏటేటా చలికాలము రాగానే మన పాఠశాలలలో ఒక కాగితము తరగతుల వెంట తిరుగును. ప్రత్యేకపు బస్సు, రాజధానిలోని ఆటల తోట, నీటి జారుళ్లు, హోటలు భోజనము, తలకింత చందా. చేయి ఎత్తిన వారి పేర్లు వ్రాసికొందురు. చేయి ఎత్తనివాని పేరు ఎవరును వ్రాయరు. యాత్ర ముగిసిన తరువాత వారము దినములు తరగతిలో ఆ ముచ్చటలే. చేయి ఎత్తనివాడు ఆ వారమంతయు తల వంచుకొని లెక్కలు చేసికొనుచుండును. ఈ దృశ్యము నెరుగని ఉపాధ్యాయుడు లేడు.

పరదేశపు యువకులు కొందరు వీపున ఒక సంచి తగిలించుకొని దక్షిణదేశమంతయు సామాన్యుల బస్సులలో తిరుగుట మనము చూచుచునే యున్నాము. తక్కువ వ్యయముతో ఎక్కువ దేశమును చూచుట వారి లెక్క. ఎక్కడ దిగిన అక్కడి ఇడ్లీయే భోజనము, ఎవరు పక్కన కూర్చున్న వారే స్నేహితులు. మనము వారిని వింతగా చూతుము. కాని మన జిల్లాను మనమును ఆ విధముగనే చూడవచ్చునని మనకు తోచదు. పది మంది విద్యార్థులు, ఒక ఉపాధ్యాయుడు, ఒక ఉపాధ్యాయురాలు, ఇంటినుండి కట్టుకొన్న సద్ది. సూర్యాపేటలో ప్రాతఃకాలమున బయలుదేరి పిల్లలమర్రి చూచి, కోదాడ, హుజూర్‌నగర్‌ల మీదుగా మిర్యాలగూడ చేరి, వాడపల్లి సంగమమును దర్శించి, దీపాలవేళకు తిరిగి సూర్యాపేట చేరవచ్చును. అంతయు పల్లెవెలుగు బస్సులలోనే. విహారయాత్ర చందాలో స్వల్పభాగము దీనికి చాలును. చేయి ఎత్తని పిల్లవాడు కూడ దీనికి రాగలడు. నా వాదమున కిదియే మూలము. తక్కినవన్నియు దాని వెంట వచ్చు లాభములు.

సూర్యాపేటకు రైలు లేదు. భానుపురియని పూర్వనామము గల ఈ పట్టణమునకు రాకపోకలన్నియు రోడ్డు మీదనే. మన బస్సుల చరిత్రలో ఒక చిత్రమున్నది. 1932లో నిజాము రాష్ట్ర రైల్వేవారు రోడ్డు రవాణా శాఖ నొకదానిని తెరచి 27 బస్సులతో నడపసాగిరి. 1958 జనవరి 11న ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థ ఏర్పడినది. రాష్ట్ర విభజన తరువాత తెలంగాణకు సంస్థ వేరైనది. రైల్వే కడుపున పుట్టిన బస్సే రైలు లేని ఊరికి రైలైనదన్నమాట.

పిల్లలమర్రి సూర్యాపేటకు పక్కనే. (పాలమూరు పిల్లలమర్రి వేరు, అది మహావృక్షము. పరీక్ష కాగితములలో ఈ రెండును తరచుగా కలిసిపోవుచుండును.) కాకతీయుల సామంతులైన రేచర్ల రెడ్లు ఇక్కడ కట్టించిన ఆలయములు, శాసనములు నేటికిని నిలిచియున్నవి. నామేశ్వరాలయపు శాసనము 1195 నాటిది. ఎరకేశ్వరాలయమును 1208లో కట్టించినది ఒక స్త్రీ, బేతిరెడ్డి భార్య ఎరకసాని. ఆమె పేరు మీదనే ఆ దేవునికి పేరు. ఎనిమిదవ తరగతి బాలిక ఆ నల్లరాతి స్తంభముల నడుమ నిలిచి ఈ సంగతి వినుటకును, పుస్తకములో కాకతీయుల పాఠము నడుమ చదువుటకును గల భేదమును నేను వేరుగ చెప్పనక్కరలేదు. శృంగార శాకుంతలము, జైమిని భారతము రచించిన పిల్లలమర్రి పినవీరభద్రకవి ఇంటిపేరు ఈ ఊరిదేయని చెప్పుదురు. ఆ మాటయు అక్కడనే చెప్పవలెను.

ఇక కోదాడ బస్సు. తెలుగు ఉపాధ్యాయునికి ఈ మార్గమే అసలైన తరగతి గది. సూర్యాపేటలో ఎక్కిన అవ్వ పక్కన కూర్చున్న పిల్లను “ఎవల పిల్లవు బిడ్డా?” అని అడుగును. ఆమె కొడుకు పట్నముపోయి నిన్ననే “వచ్చిండు”. కోదాడ దాపునకు వచ్చుసరికి ముందు సీటులో మరియొకరి కొడుకు “వచ్చాడు”. ఒకరు దుకాణమునకు పోవుదురు, ఒకరు కొట్టుకు వెళ్లుదురు. ఒకరి సంచిలో ఉల్లిగడ్డలు, ఒకరి సంచిలో ఉల్లిపాయలు. ఒకరి ఆలుగడ్డ మరియొకరి బంగాళాదుంప. కోదాడ దాటి కొంత దూరము పోయిన ఆంధ్రప్రదేశ్ సరిహద్దు. ఈ సరిహద్దు ఊళ్లలో ఇరువైపుల పలుకుబడులును ఒకే బస్సులో, ఒక్కొక్కప్పుడు ఒకే ఇంటిలో వినబడును. ఏది సరియైన తెలుగు అని పిల్లలు తప్పక అడుగుదురు. రెండును సరియైనవే అని చెప్పుటకు వ్యాకరణ పుస్తకముకంటె ఆ బస్సే మంచి చోటు. అక్కడ ఇద్దరును ఒకరి మాట ఒకరికి తెలిసియే మాటలాడుకొనుచున్నారు గదా! తన పలుకు పాఠ్యపుస్తకపు పలుకు కాదని తరగతిలో నోరు విప్పని పిల్లవాడు మన బడులలో ఇప్పటికిని కలడు. వానికి ఈ ఒక గంట ప్రయాణము చేయు మేలు చిన్నది కాదు.

పండితులు చేసినదియు ఇదియే. 1962లో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ ప్రచురించిన వ్యవసాయ మాండలిక వృత్తిపదకోశము భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వమున వెలువడినది. ఆ మాటలు గ్రంథములనుండి ఏరినవి కావు. ఊరూర రైతుల నడిగి సేకరించినవి. మన విద్యార్థి ఒక దినములో పది మాటలు తెచ్చిన చాలును.

కోదాడనుండి మిర్యాలగూడకు పోవు మార్గమున హుజూర్‌నగర్, నేరేడుచర్ల తగులును. ఎక్కువ భాగము వరిపొలములే. ఈ పచ్చదనము అనాదిగా ఉన్నదని పిల్లలు తలంతురు. నాగార్జునసాగరమునకు 1955 డిసెంబరు 10న నెహ్రూ పునాదిరాయి వేసిరి. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధి కాలువలకు నీరు విడిచిరి. ఎడమ కాలువకు లాల్ బహదూర్ పేరు పెట్టిరి. ఆ కాలువ రాకపూర్వము ఈ నేల ఎట్లుండెడిదో చెప్పగల వృద్ధులు ఇంకను ఆ బస్సులలో ఎక్కుచున్నారు, దిగుచున్నారు. మరి పదునైదేండ్లకు వారుండరు. అడుగవలసినవారు ఇప్పుడే అడుగవలెను. మిర్యాలగూడలో బియ్యపు మిల్లులను బయటినుండి చూచిన చాలును. ఉడికిన వడ్ల వాసనయే ఆ ఊరి పరిచయము.

వాడపల్లికి మిర్యాలగూడలో వేరొక బస్సు ఎక్కవలెను. నేరేడుచర్ల దాటిన తరువాత వంతెన మీదనుండి చూచిన మూసీయే ఇక్కడ కృష్ణలో కలియును. అనంతగిరి కొండలలో పుట్టి, 1908లో హైదరాబాదును ముంచి, నేడు ఆ మహానగరపు మురుగునంతయు మోసికొని వచ్చు నది ఇదియే. అగస్త్యేశ్వరుడును, లక్ష్మీనరసింహుడును ఆ సంగమమున కొలువై యున్నారు. ఏరు దాటిన పల్నాడు. రాజధానిలోని ఆటల తోటకు పోయిన పిల్లవాడు నీటి జారుడు మీద ఆడుకొని వచ్చును; ఆ రాజధాని నీరు చివరకు ఏమగుచున్నదో వాడపల్లికి వచ్చినవాడు చూచును. గట్టు మీద నిలిచియే చూడవలెను. నీటిలో దిగుట మాత్రము కూడదు. ఈ విషయమున ఉపాధ్యాయులు పిల్లల బ్రతిమాలుటకు లొంగరాదు.

చూచినదానిని వ్రాయుట ఎట్లని అడుగుదురు. ఏనుగుల వీరాస్వామిగారు 1830లో చెన్నపట్టణమున బయలుదేరి కాశికి పోయి 1831లో తిరిగి వచ్చినారు. ఆ కాశీయాత్ర చరిత్ర 1838లో అచ్చైనది. ఆయన పల్లకీలతో, పరివారముతో పోయిన సంపన్నుడు. ఐనను ఆయన గ్రంథమున నేటికిని చదువదగినది ఆ వైభవము కాదు. ఏ మజిలీలో దారి ఎట్లున్నది, అంగళ్లెన్ని ఉన్నవి, ఏ వస్తువులు దొరకును, నీరెట్టిది అను వివరములే. పిల్లలును బస్సు ఎక్కిన వేళ, టిక్కెట్టు ధర, బస్టాండులో అమ్ముచున్న వస్తువులు, దారిలోని వాగులు వంకలు, విన్న కొత్త మాటలు వరుసగా వ్రాసికొనవలెను. “ప్రకృతి రమణీయముగా నుండెను” అను వాక్యమును ఎవరును వ్రాయరాదని ముందుగనే చెప్పవలెను. ఆ వాక్యమును నేను ముప్పది ఏండ్లుగా దిద్దుచున్నాను.

వ్యయమును గూర్చి ఒక మాట. 2023 డిసెంబరు 9 నుండి తెలంగాణలో బాలికలకును, స్త్రీలకును పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో టిక్కెట్టు ధర లేదు. ఆధార్ కార్డు వంటి గుర్తింపు చూపిన చాలును. బాలురకే టిక్కెట్టు. కావున బాలికలు ఈ యాత్రకు ఎక్కువగా రావలెను. అట్లు వత్తురా? బాలికకు ఇప్పుడు టిక్కెట్టు అక్కరలేదు గాని ఇంటి అనుమతి కావలెను. అది టిక్కెట్టుకంటె ప్రియమైనది. తల్లులనే వెంట రమ్మని పిలిచిన సగము చిక్కు తీరును. తమ పుట్టినిల్లు, అత్తవారిల్లు, ఆసుపత్రి తప్ప మరియొక ఊరు చూడని తల్లులు ఉన్నారు. వారికిని టిక్కెట్టు లేదు గదా.

ఆక్షేపణలు లేకపోలేదు. బస్సులు కిక్కిరిసియుండునందురు, నిజమే. అందుచేతనే నలుబది మందిని ఒకేసారి తీసికొనిపోరాదంటిని. ఉదయమున కూలికి, కొలువుకు పోవువారి బస్సులను పిల్లలతో నింపుట అన్యాయము. ఆ రద్దీకి ముందుగనే బయలుదేరవలెను. సీటు దొరికిన పిల్లవాడు పెద్దలు ఎక్కినప్పుడు లేచునట్లు చూడవలెను. బాలికలను వెంట తీసికొనిపోవు ఉపాధ్యాయురాలికి మొదటి చింత శిలాశాసనము కాదు, మరుగుదొడ్డి. కావున మజిలీలు పెద్ద బస్టాండ్లలోనే పెట్టుకొనవలెను. బస్సు తప్పినచో ఏమగునందురు. మరియొకటి వచ్చువరకు కూర్చుందురు. చెట్టుక్రింద కూర్చుండి ఎదురుచూచుట కూడ పిల్లలకు అలవాటు తప్పిపోయినది. అయితే తిరుగు ప్రయాణమునకు మాత్రము చివరి బస్సును నమ్ముకొనక, దానికి ముందు బస్సులోనే ఎక్కవలెను. ప్రధానోపాధ్యాయుని అనుమతి, తలిదండ్రుల సంతకము, వారి ఫోను నెంబర్లు సరేసరి.

ఒక దినము చక్కగా జరిగిన పిమ్మట రెండవ దినము జనగామ రోడ్డున ఫణిగిరికి పోవచ్చును. ఆ బౌద్ధక్షేత్రపు తోరణశిల్పము 2023లో న్యూయార్కు మెట్రోపాలిటన్ మ్యూజియమున ప్రదర్శితమైనది. సూర్యాపేట పిల్లలకు అది ఒక పూట ప్రయాణము. తేదీ నిర్ణయించునప్పుడు కార్తిక సోమవారములను విడువవలెను, సంగమమున స్నానముల రద్దీ ఎక్కువ. జనవరిలో జాన్‌పహాడ్ ఉర్సు దినములును, రెండేండ్లకొకసారి సూర్యాపేట చెంత దురాజ్‌పల్లి పెద్దగట్టు జాతర దినములును అట్టివే. మార్గశిరమున ఎండ పలుచగా ఉండును, వరికోతలు చాల వరకు ముగిసియుండును. ఆ నెలలో ఒక శనివారము చూచుకొనవచ్చును.